మోండా మార్కెట్‌ను నేను వెడల్పు చేసిన వైనం

మీసం సరిగ్గా మొలవకపోయినా జుట్టు మాత్రం భుజాల దాకా పెంచుకున్న ఆ కాలంలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. అందమనేది ముందుగా రిజర్వేషన్ చేయించుకుని వెళ్ళాల్సిన చోటే ఉంటుందని, సిటీ బస్సు ఆగే చోట ఉండనే ఉండదని. బొమ్మల కాలేజీలో చదువు అప్పుడే పూర్తయింది. మా ఇల్లు చిలకలగూడలో, పై అంతస్తులో. కిటికీ తెరిస్తే ఎదురింటి డాబా మీద ఆరేసిన చీరలు, నల్లటి నీళ్ళ ట్యాంకులు, కేబుల్ తీగల్లో చిక్కుకున్న గాలిపటాలు, ఆ వెనక స్టేషన్‌లోకి కూత వేసుకుంటూ పోయే రైళ్ళు. ఇవన్నీ ఏకాగ్రతకు భంగమని కిటికీ మూసేసి, ట్యూబులైటు వేసుకుని, నేను జలపాతాలు వేసేవాణ్ణి. (ఆ జలపాతాలకు మూలం మా నాయనకు ఆఫీసులో ఎవరో ఇచ్చిన క్యాలెండరు. నెలకొక జలపాతం. అందులో ఫిబ్రవరి జలపాతమంటే నాకు ప్రాణం.) మంచు కొండలు వేశాను, జింకలు వేశాను, ఒడ్డున ఒంటరి పడవ వేశాను. నేను చూసిన పడవంటే ట్యాంక్‌బండ్ దగ్గర టికెట్టు కొనుక్కుని ఎక్కేదొక్కటే. దానికి ఒంటరితనమెక్కడిది పాపం, ఎప్పుడు చూసినా పిల్లలతో, పాప్‌కార్న్‌తో కిక్కిరిసి ఉండేది.

మా నాయన స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. మంచి మనిషి. నన్ను ఒక్క మాట కూడా తిట్టేవాడు కాదు, నా భయమంతా అందుకే. ఒకరోజు అన్నం తింటూ, నా వైపు చూడకుండా, పప్పు గిన్నెతో చెబుతున్నట్టు చెప్పాడు: "బొమ్మలు మంచియే బిడ్డా. కానీ బొమ్మ అన్నం అడుగదు, నువ్వడుగుతవ్. మీ మామ రమ్మంటుండు. జెర ఆలోచించు." మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయనకు ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు, స్వాగతం ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. అందులో పనంటే తలలు కత్తిరించి అతికించడం. ఏ లీడర్ తల ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరు నవ్వాలి, ఎవరి మెడలో గొలుసు ఎంత మెరవాలి, అంతా కంప్యూటరు మీద లెక్క. ఒకసారి చిన్న లీడర్ తల పెద్ద లీడర్ తల కన్నా రవ్వంత పెద్దదైనందుకు దుకాణం ముందు ధర్నా జరిగింది. నేను కొన్నాళ్ళు అక్కడ కూర్చుని చూశాను. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే జలపాతం పైనుంచి దండం పెడుతున్న తలలు దూకేవి.

ఆఖరికి నాయనకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. మా కాలేజీ సారు ఆ ఏడాది కొత్త పిల్లల బొమ్మలతో ఒక ప్రదర్శన పెడుతున్నాడు. దసరా లోపల నా బొమ్మను ఆయన తీసుకుంటే నాయన ఇక మామ మాట ఎత్తడు. తీసుకోకపోతే, "దసరా నాడు ముహూర్తం మంచిగుంటది, మామ దుకాణంల కుర్చీల కూసో" అన్నాడు. కూర్చుంటానని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు నాకు ఏ బెంగా లేదు. ఫిబ్రవరి జలపాతం ఉంది కదా అన్న ధైర్యం.

సారు చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఏ బొమ్మ తీసుకెళ్ళినా కళ్ళద్దాలు పైకి తోసి చూసి, "చాలదు" అనేవాడు. (మేం ఆయన్ను చాటుగా 'చాలదు సారు' అనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ పేరు కూడా ఆయనకు చాలలేదనుకుంటాను.) నా జలపాతాన్ని ఆయన మామూలు కన్నా ఎక్కువసేపే చూశాడు. నా గుండె రైలింజన్లా కొట్టుకుంటోంది.

"ఈ నీళ్ళల్ల ఎప్పుడన్న కాళ్ళు పెట్టినవారా?" అన్నాడు.

"లేదు సార్."

"మరి చల్లగుంటయని నీకెట్ల తెలుసు?"

నేను నా ఫిబ్రవరి నీళ్ళ వైపు చూశాను. ఆయన ఇంకో మాటడిగాడు. "మీ ఇంట్ల కూరగాయలెవరు తెస్తరు?" నేనే తెస్తానన్నాను, మోండా మార్కెట్ నుంచి. "ఆడ ఏమేముంటయో చెప్పు." ఇదేం ప్రశ్న అనుకుంటూనే మొదలుపెట్టాను. మూల మీద తాళాలు బాగుచేసే చాచా, ఆయన నెత్తి మీద రేకు, ఆ రేకు తుప్పు రంగు, ఎదురుగా స్టీలు సామాన్ల దుకాణం, అందులో వేలాడే బిందెల్లో వచ్చే పోయే జనం వంకర టింకరగా కనపడటం, దుకాణం మెట్ల పక్కన ఉల్లిగడ్డల అవ్వ, ఆమె చుట్టూ గులాబీ రంగు ఉల్లిపొట్టు, గాలి వీస్తే ఆ పొట్టంతా లేచి పోయేవాళ్ళ కాళ్ళకు చుట్టుకోవడం... చెబుతూనే ఉన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది. సారు చెయ్యెత్తి ఆపాడు. "జలపాతం గురించి ఇంతసేపు చెప్పగలవా?" అని, నా క్యాన్వాసును నా చంకలోనే పెట్టి పంపించేశాడు.

మర్నాడు పొద్దున్నే అట్ట, కాగితాలు, పెన్సిళ్ళు, రంగుల సంచీ వేసుకుని మోండా మార్కెట్లో దిగాను. తాళాల చాచాకు ఎదురుగా, స్టీలు సామాన్ల సేటు దుకాణం స్తంభం పక్కన ఒక రాయి దొరికితే, దుకాణం మెట్లూ బజారూ రెండూ కనపడేట్టు దాని మీద ఏటవాలుగా కూర్చున్నాను. బొమ్మలు వేసేవాళ్ళు కొలత ఎలా తీసుకుంటారో మీరు చూసే ఉంటారు. చెయ్యి బారుగా చాపి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలితో ఇంత అని గుర్తు పెట్టుకుంటారు. నేను ఒక్కొక్క దుకాణాన్నీ అలాగే కొలిచాను. రేకు ఎంత ముందుకొచ్చింది, బుట్టలు ఎక్కడిదాకా ఉన్నాయి, గద్దె ఎంత ఎత్తు. కొలిచి, కాగితం మీద గీత గీసి, మళ్ళీ కొలిచి. జుట్టు కళ్ళ మీద పడుతుంటే తల విదిలిస్తూ, చాలా గంభీరంగా. నన్ను నేను బయటినుంచి చూసుకుని మెచ్చుకుంటూ కూడా ఉన్నాను.

పక్కనే ఉల్లిగడ్డల అవ్వ. కొంగుతో తరాజు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"రాస్తలేనవ్వా, గీస్తున్న. ఈడ ఉన్నయి ఉన్నట్టు గీస్తున్న."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి సుత ఇడిసిపెట్ట."

"ఏం జేస్తవ్ గీసి?"

"మా సారుకు చూపెడ్తా. ఆయన సరే అనాలె. దసరా లోపల అయిపోవాలె."

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజం బజారంతా ఏ వేషంలో తిరుగుతోందో నాకు తెలియలేదు.

రెండో రోజు నేను కూర్చునే రాయి మీద ఎవరో గోనె సంచి పరిచి ఉంచారు. మూడో రోజు స్టూలు వచ్చింది. తరవాత చేతుల కుర్చీ వచ్చింది, నెత్తి మీదికి గొడుగు వచ్చింది. అడక్కుండానే చాయ్, చాయ్‌తోపాటు ఉస్మానియా బిస్కెట్టు. సేటు తన దుకాణంలోని పెడెస్టల్ ఫ్యానును కూడా కాస్త నా వైపు తిప్పించాడు. నేను పొంగిపోయాను. కళ అంటే ఈ మామూలు మనుషులకు ఎంత గౌరవం! ఇంతకాలం మూసిన కిటికీ వెనక కూర్చుని వీళ్ళను తెలుసుకోలేకపోయానే అని కళ్ళు చెమర్చాయి కూడా. పైగా కళాదృష్టి విషయంలో ఒక్కొక్కరూ ఒక్కొక్క పండితుడు. తాళాల చాచా వచ్చి నా వెనక నిలబడి, గొంతు తగ్గించి, "సాబ్, జెర నా రేకు చిన్నగ గీయున్రి. అది చిన్నదే. ఎండల నీడ పడి పెద్దగ కనపడ్తది, అంతే" అన్నాడు. వెలుగు నీడల గురించి ఇంత సూక్ష్మంగా మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేను ఆయనకు చెయ్యి కలిపి మరీ కృతజ్ఞత చెప్పాను. ఆయన గాబరాగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సేటు వచ్చి, "సార్, మాది లోపలికి గీయున్రి, లోపలికి. అగో, ఆ ప్లాస్టిక్ బకెట్లోనిది చూడున్రి, రోడ్డు మీదికే వచ్చిండు. ఆన్ని మంచిగ గీయున్రి" అన్నాడు. దూరం దగ్గరల తేడా ఈయనకెంత బాగా పట్టుబడింది అనుకున్నాను. కాసేపటికి ఆ ప్లాస్టిక్ బకెట్ల ఆయన వచ్చి సేటు గురించి సరిగ్గా అదే మాట చెప్పాడు. భిన్నాభిప్రాయాలు లేనిదే కళ ఎక్కడిది!

అవ్వ మాత్రం రోజూ నా సంచీలో నాలుగు ఉల్లిగడ్డలు పడేసేది. "అమ్మకియ్యి" అనేది. (మా అమ్మ ఆ వారం నా కళాసాధనను మొదటిసారి మెచ్చుకుంది.) ఒకరోజు జనం తక్కువున్నప్పుడు నా దగ్గరికి జరిగి, మెల్లగా అంది:

"బిడ్డా, నన్నొక్కదాన్ని ఆ కాయితంల ఎయ్యకు. నేనీడ లేననుకో."

ఎంత బిడియం! ఎంత నిరాడంబరత! నేను నవ్వి, "గట్లంటవేందవ్వా, నువ్వు లేకుంటే ఎట్ల?" అన్నాను. అప్పటికే ఆమెను వేసేశాను మరి, తరాజుతో సహా. ఆమె ముఖం ఎందుకలా పాలిపోయిందో ఆ తెలివితక్కువ రోజున నాకు అర్థం కాలేదు.

ఇక అసలు ఘనకార్యానికి వస్తాను. గీతలు పూర్తయ్యాయి, రంగులకు దిగాలి. ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేసేటప్పుడు రోజూ ఒకే చోట, ఒకే ఎత్తులో కూర్చోవాలి. జానెడు పక్కకు జరిగినా రేకులూ స్తంభాలూ అన్నీ జరిగిపోతాయి. ఆ కుర్చీ రోజుకొక చోట వేస్తున్నారు. అందుకని ఆ సాయంత్రం సర్దుకునేటప్పుడు సేటు స్తంభం మీద నా కంటి ఎత్తున ఒక అడ్డగీత, కింద బండ మీద కుర్చీ కాళ్ళ దగ్గర రెండు గుణకారం గుర్తులు పెట్టాను. చేతికి అందిన ట్యూబు ఎరుపు. కుంచె నిండా తీసుకుని, చెరిగిపోకుండా బాగా దట్టంగా పెట్టాను.

మా నగరంలో గోడ మీద ఎర్ర గుర్తుకు అర్థం ఒక్కటే. రోడ్డు వెడల్పు చేస్తారు, ఈ గుర్తుకు ఇవతలిదంతా పోతుంది. చంటిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. నాకు తెలియదా అంటే తెలుసు. మా మేనత్తగారింటి ముందుగది అలాగే పోయింది. కానీ కళ తలకెక్కినప్పుడు మామూలు బుద్ధి చెప్పకుండా దిగిపోతుంది.

మర్నాడు పొద్దున రంగులన్నీ సిద్ధం చేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళానా, మార్కెట్ లేదు! దుకాణాలున్నాయి. మార్కెట్ లేదు. రేకులు విప్పేశారు. పట్టాలు చుట్టేశారు. బుట్టలు, గద్దెలు, బకెట్ల వరసలు, వేలాడే బిందెలు, అన్నీ లోపలికి పోయాయి. ఎన్నడూ లేని వెడల్పుతో రోడ్డు బోసిగా, ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. మధ్యలో ఒక ఆవు తానెక్కడికి వచ్చిందో తెలియక నిలబడి ఉంది. అవ్వ కూర్చునే చోట ఉల్లిపొట్టు కూడా లేదు. అక్కడ మాత్రం బకెట్ల ఆయన, రోడ్డు మీదినుంచి తీసేసిన తన ఎర్ర బకెట్లు, నీలం బకెట్లు పేర్చుకున్నాడు. నా సగం బొమ్మ చేతిలో ఉంది. మిగతా సగం మాయమైంది. దసరా ఎదురుగా ఉంది. ఆ వెనకే మామ కుర్చీ. నాకు నిజంగా ఏడుపొచ్చింది. "ఏమైంది? సామాన్లన్నీ ఏవి?" అని నడిరోడ్డు మీద కేక పెట్టాను.

అందుకోసమే ఎదురు చూస్తున్నట్టు సేటు ముందు, ఆయన వెనక చాచా, ఆ వెనక బజారు మొత్తం వచ్చింది. సేటు చేతిలో బాదుషాల డబ్బా ఉంది. "మీకు తక్లీఫ్ కావద్దని అన్నీ తీసేసినం సార్. ఇగ సీదా చెప్పున్రి. ఎన్ని ఫీట్లు పోతది?"

"ఏం పోతది?"

"గట్ల పరేషాన్ చెయ్యకున్రి సార్. మా తాత పెట్టిన దుకాణమిది. నడుమ స్తంభానికి మార్క్ ఎయ్యవడ్తిరి. స్తంభం పోతే ఇగ ఏం మిగుల్తది?"

నాకు అప్పుడు వెలిగింది. వెలగడమంటే అంతా ఒక్కసారి. గోనె సంచి, కుర్చీ, గొడుగు, బిస్కెట్టు, రేకు నీడ, ఎన్ని వచ్చాయో అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. "అయ్యో సేటూ, నేను మున్సిపాలిటీ కాదు! నేను బొమ్మ గీస్తున్న!"

"బొమ్మ ఎందుకు గీస్తున్రు?"

"బొమ్మ కోసమే."

ఎవరూ నమ్మలేదు. బొమ్మ కోసం ఎవడన్నా ఎండలో అన్ని రోజులు కూర్చుంటాడా అన్నట్టు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆఖరికి చాచా అడిగాడు, "మరి జీతమెవరిస్తరు బేటా?"

"ఎవ్వరియ్యరు చాచా."

ఆ మాటతో అందరికీ నమ్మకం కుదిరింది. అంతదాకా 'సాబ్'గా ఉన్న నేను 'బేటా' అయ్యింది అక్కడే. సేటు బాదుషాల డబ్బా మీద మూత మెల్లగా మళ్ళీ పెట్టేశాడు. తరవాత ఆయన గొంతు లేచింది. "నీ యవ్వ! రాత్రంత నిద్రలేదు, బీపీ గోలి రెండుసార్లు మింగిన! రేకులిప్పించినవ్, బిందెలు దించినవ్, మా ఫ్యాను గాలి సుత తిన్నవ్ గదరా!" ఇంకొకాయన నా అట్ట లాక్కున్నాడు. చింపేస్తాడనే అనుకున్నాను. ఆయన చింపబోయి, ఆగి, కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాచా మెడ చాచి చూశాడు. "అరె, ఇది నేనే గద! నా తాళపుచెవుల గుత్తి సుత ఉన్నది. అగో, సేటూ, నీ బొజ్జ చూడు, అచ్చం గట్లనే ఏసిండు!" సేటు తన బొజ్జ చూసుకున్నాడు. బజారంతా ఘొల్లుమంది. ముందు సేటు నవ్వలేదు. తరవాత ఆయన నవ్వాడు చూడండి, నవ్వీ నవ్వీ ఆ బాదుషాల డబ్బా నా చేతిలోనే పెట్టి స్తంభానికి ఆనుకున్నాడు.

శిక్ష మాత్రం తప్పలేదు. నా టర్పెంటైన్ సీసాతో, నా గుడ్డతో, నా గుర్తులు నేనే తుడవాలి. అందరూ చుట్టూ నిలబడి, "గీడ ఇంక జెర ఉంది", "గట్టిగ రుద్దు, చాయ్ తాగినప్పుడు ఉన్న జోరేది?" అని పర్యవేక్షించారు. తుడవడం అయ్యాక నేను చేతులు జోడించి అడిగాను, అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టండని. అక్కడ ఇంకో రగడ షురూ అయింది. రేకు ఎక్కడిదాకా ఉండేదో, బుట్ట ఎవరి వైపు ఉండేదో, ఎవరి మాట వారిది. అప్పుడు ఎవరికి తట్టిందో గాని, "బొమ్మల చూడున్రి!" అన్నారు. ఇక చూడండి నా వైభవం. ఆ మధ్యాహ్నమంతా నేను కుర్చీలో కూర్చుని బొమ్మ పట్టుకోవడం, వాళ్ళు వచ్చి చూసుకుని పోయి రేకులు బిగించుకోవడం. "నీది గీ స్తంభం కాడికే ఉండె, అబద్ధమాడకు, ఇగో బొమ్మ!" ఉన్నది ఉన్నట్టు వేసినందుకు నన్ను నేను మెచ్చుకున్న ఒకే ఒక్క రోజది.

సాయంత్రానికి మార్కెట్ మార్కెట్టయింది. అవ్వ మాత్రం లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే చాచా చెప్పాడు, ఆమె ఇల్లు సీతాఫల్‌మండిలో, మార్క్ చూసి గంప ఎత్తుకుని పోయింది, గల్లీల్లో తిరిగి అమ్ముకుంటుందట. "దుకాణం ఉన్నోళ్ళతోని మున్సిపాలిటోళ్ళు మాట్లాడ్తరు బేటా. కింద కూసున్నోళ్ళతోని ఏం మాట్లాడ్తరు?" 'నేనీడ లేననుకో' అన్న అవ్వ మాట అప్పుడు నా చెవిలో సరిగ్గా వినబడింది. నేను అట్ట చంకన పెట్టుకుని సీతాఫల్‌మండికి నడిచాను.

గల్లీ గల్లీ తిరగ్గా ఒక చోట గంప నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ నడుస్తున్న అవ్వ కనిపించింది. "అవ్వా!" అని అరిచాను. ఆమె వెనక్కి తిరిగి, నన్నూ నా అట్టనూ చూసి, ఆ మోకాళ్ళతోనే పక్క సందులోకి పరుగు. వెనక నేను, జుట్టు ఎగురుతూ. ఒక గుమ్మంలోంచి ఒకావిడ, "ఏందయ్యా, ముసలామెను ఉరికిస్తున్నవ్, సిగ్గు లేదా?" అని చీపురు ఎత్తింది. సందు చివర గోడ వచ్చి అవ్వ ఆగిపోయింది. గంప దించి, ఆయాసపడుతూ, నా వైపు తిరిగింది.

"లేసిపోయిన గద బిడ్డా. ఇంకేం గావాలె?"

ఇంత వయసొచ్చినా ఆ గొంతు నాకు గుర్తే. కోపం లేదందులో. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. "అవ్వా, నేను మున్సిపాలిటోన్ని కాను. నాకసలు నౌకరే లేదు."

అవ్వ ముఖం మారిపోయింది. "అయ్యో నా తండ్రీ! నౌకరి లేదా? గింత ఎదిగినవ్, జీతం లేకనే తిరుగుతున్నవా?" అని తన సంగతంతా మరిచిపోయి, గంపలోంచి ఉల్లిగడ్డలు తీసి నా సంచీలో వేయబోయింది. నేను ఆపి బొమ్మ చూపించాను. కళ్ళు చికిలించి చూసింది. "గిది నేనేనా? ఎయ్యకుమంటి గద."

"నువ్వు లేకుంటే బొమ్మ నిలబడ్తలేదవ్వా."

గంప నేను ఎత్తుకున్నాను. అవ్వ నా అట్ట ఎత్తుకుంది. మేం మార్కెట్ చేరేసరికి ఆమె చోట బకెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. బకెట్ల ఆయన, "ఖాళీగుండె, పెట్టుకున్న. బొమ్మ తెచ్చి జాగ అడుగుతవా?" అన్నాడు. సేటే మెట్ల మీదినుంచి అందుకున్నాడు. "నీ రేకు సుత బొమ్మ చూసే బిగిస్తివి గద, గప్పుడు మంచిగుండెనా బొమ్మ? తియ్యి బకెట్లు." చాచా అప్పటికే తీస్తున్నాడు. అవ్వ గోనె సంచి పరుచుకుని కూర్చుంది.

ఆ తరవాత ఎవరూ కుర్చీ వేయలేదు, ఫ్యాను తిప్పలేదు. గోనె పరిచిన రాయి మీదే కూర్చుని బొమ్మ పూర్తి చేశాను. దానికోసం అన్నన్ని రోజులు వాళ్ళంతా తమ పనుల మధ్య నన్ను భరించారు, ఆటపట్టించారు, చాయ్ పోశారు. దసరా ముందు నాయన్ను తోడు పెట్టుకుని బొమ్మ సారు దగ్గరికి తీసుకెళ్ళాను. సారు కళ్ళద్దాలు పైకి తోశాడు. చూశాడు, చూశాడు. నాయన గుమ్మం దగ్గర చేతిరుమాలు మెలిపెడుతున్నాడు.

"బాగుందిరా," అన్నాడు సారు. నాకు నేల కదిలింది. "ఒక్కటే. ఈ ముసలామె నడుమకొచ్చి కూసున్నది. ఈమెను జెర అటు జరిపితే బొమ్మ ఇంకా కుదురుతది. జరిపి తీసుకురా, పెడదాం."

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. బొమ్మ పరంగా చూస్తే ఇప్పటికీ నాకు నిజమేననిపిస్తుంది. జరపడం ఒక్క పూట పని. నా వెనక నాయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. నేను సారుకు అంతకు ముందెన్నడూ ఎదురు చెప్పలేదు.

"జరపను సార్," అన్నాను. "ఆమె గాడనే కూసుంటది."

మామ దుకాణంలో నా కుర్చీ ఖాయమైపోయిందనే అనుకున్నాను. సారు కళ్ళద్దాలు కిందికి దించి, మొదటిసారి బొమ్మను కాక నన్ను చూశాడు. "మేకు ఎక్కడ కొట్టాలో నువ్వే చూసుకో పో" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. స్టేషన్ దాకా తీయలేదు.

ప్రదర్శనకు బజారంతా వచ్చింది, చుట్టాలింట్లో పెళ్ళికి వచ్చినట్టు. సేటు తన బొజ్జ ముందు నిలబడి అందరికీ తనను చూపించుకున్నాడు. చాచా తన రేకు కొంచెం పెద్దదిగానే పడిందని ఒప్పుకున్నాడు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, దీపాల వెలుగులో తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది. నేను పక్కకు వెళ్ళాను. బాగుందంటుందేమోనని ఆశ.

"బిడ్డా, ఇగ నన్ను ఆడికెల్లి ఎవ్వరు లేపరు గద?"

"లేపరవ్వా," అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "నేను చెప్తున్న గద."

ఎవరు చెబుతున్నారండీ? జీతం లేదు, నౌకరీ లేదు, సరిగ్గా మీసమైనా లేదు. అయినా నగరం మ్యాపు మొత్తం తన సంతకంతోనే చెల్లుతుందన్నంత ధీమాగా చెప్పాడు ఆ పిల్లవాడు. అవ్వ నమ్మింది, తల ఊపి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు అక్కడే కూర్చుంది. మోకాళ్ళు ఇక వద్దన్నాక, తన ఇష్టంతో, ఆ చోటు మనవరాలికిచ్చి తానే లేచింది. అందులో నా ప్రతాపమేమీ లేదు. సేటూ చాచా చూసుకున్నారు, అదృష్టం చూసుకుంది. నెత్తి నెరిశాక ఇప్పుడు నన్నెవరైనా ఏదైనా మాట అడిగితే, చూద్దాం, ప్రయత్నిద్దాం, అని నీళ్ళు నములుతాను. అంత భరోసాగా మళ్ళీ నేనెవరికీ మాటివ్వలేదు. ఉల్లిగడ్డలు కొనడానికి వెళ్ళి ఆ మెట్ల పక్కన వంగినప్పుడల్లా, ఆ జుట్టు పిల్లవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడంటే నాకిప్పుడు కాస్త అసూయ కూడా.